నాంచారి గోరువంక

పిట్టలు పట్టే నాంచారి తన గోరువంకకు విషం వాసన తగలగానే అరవడం నేర్పింది. రాజు ముచ్చటపడి దాన్ని వంటశాలలో పెట్టించాడు. ఇన్నాళ్లూ తన మాట విన్నాకే భోంచేసిన రాజు ఇప్పుడు పిట్ట వంక చూస్తుంటే రాజవైద్యుడు శరభాచార్యులకు కడుపు మండిపోయింది.

ఒకనాడు ఆయన సభలో పాలగిన్నెలు వరసగా పెట్టించాడు. "ఒకదానిలో విషం కలిపాను. పిట్ట కనిపెట్టాలి" అన్నాడు.

గోరువంక అన్నిటి దగ్గరా వాలి, ఊరుకుంది.

"దీన్ని నమ్మితే తమ ప్రాణాలకే ముప్పు ప్రభూ" అన్నాడు వైద్యుడు.

"విషం ఏ గిన్నెలో ఉందో చూపించండి, అయ్యగారూ" అంది నాంచారి.

ఆయన తడబడి చివరి గిన్నె చూపించాడు. రాజు వారించేలోపే నాంచారి ఆ పాలు తాగేసింది. ఎంతసేపు చూసినా ఆమెకేమీ కాలేదు. ఏ గిన్నెలోనూ విషం కలపని వైద్యుడు తలదించుకున్నాడు.

"అంత ధైర్యం ఎలా చేశావు?" అన్నాడు రాజు.

"నా పిట్ట అరవలేదు కదా, దొరా" అంది నాంచారి మూతి తుడుచుకుంటూ.