నాలుగు వేళ్ల గోడ

నేను ఇంతవరకూ ఏదీ రాసినదాన్ని కాదు. చదివింది ఐదో తరగతి. మా ఊరి బడిలో మధ్యాహ్నం వంట చేస్తాను. ఏటా బడి తెరిచిన రోజు కొత్త పిల్లలకు ఈ కథ చెప్పేది నేనే. నోటితో చెప్పడమే నాకు తెలుసు. ఈసారి కథ విన్నాక ఒక పాప ఒక మాట అడిగింది. అందుకే కాగితం పట్టుకున్నాను. తప్పులుంటే మీరే సర్దుకోండి.

పొద్దును గోడ నీడతో కొలుచుకునే కాలం అది. మా ఊరికి ఇంకా రోడ్డు పడలేదు. ఊరు దూరం పెట్టిన వాడలో సుంకమ్మ అనే ముసలామె ఉండేది. మట్టి గోడలు పెట్టడం ఆమె పని. మట్టి తొక్కేది, ముద్దలు పేర్చేది, అరచేత్తో రుద్దేది. కుడిచేతి చిటికెన వేలు ఎప్పుడో కొడవలికి పోయింది. ఆమె రుద్దిన గోడ మీద నాలుగు వేళ్లే పడేవి.

ఊరివాళ్లు బడి కట్టాలనుకున్నారు. సుంకమ్మను పిలిచి గోడలు పెట్టించుకున్నారు. గోడలు ఆరినాక పసుపునీళ్లు చల్లినారు, సున్నం కొట్టినారు. "ఇంక మీవాళ్లు ఎవరూ గడప దాటొద్దు" అని చెప్పినారు.

సుంకమ్మకు తిప్పక్క అని మనవరాలు. చదువంటే ప్రాణం ఆ పిల్లకు. కిటికీ బయట గోనెపట్ట వేసుకొని కూర్చునేది. అక్కడినుంచి సగం బోర్డే కనపడేది. ఎండ కాస్తే ఎండలో, వాన కురిస్తే వానలో. ఒకరోజు తడిసిన పలక తెచ్చి చూపించింది.

"అవ్వా, నేను రాసిందంతా వాన తినేసింది."

సుంకమ్మ పలక తుడిచి లేచింది. ముందు బడిలో చదువు చెప్పే అయివారి దగ్గరికి పోయింది.

"నా చెయ్యి లోపల ఉంది సామీ, నా మనవరాలు బయట ఉంది."

అయివారు తల ఎత్తలేదు. "నాదేముంది సుంకమ్మా. పెద్దాయన్ను అడుగు."

ఊరిపెద్ద దగ్గరికి పోయింది. దూరంగా నిలబడి అదే మాట అన్నది. "నా చెయ్యి లోపల ఉంది సామీ, నా మనవరాలు బయట ఉంది."

"ఏందే సుంకా, గోడ పెడితే బడి నీదైపోతుందా? రేపు పాడె కట్టినోడు వచ్చి స్వర్గం నాదే అంటాడు."

అరుగు మీదున్నవాళ్లంతా నవ్వినారు.

మూడోసారి సుంకమ్మ పట్నం దారి పట్టింది. మూడు రోజులు నడిచింది. ఒక ముసలి ప్లీడరు అర్జీ రాసిచ్చినాడు. జడ్జి ముందర కూడా ఆమెకు వచ్చింది ఆ ఒక్క మాటే. "నా చెయ్యి లోపల ఉంది సామీ, నా మనవరాలు బయట ఉంది."

ఊరివాళ్ల ప్లీడరు లేచినాడు. "అబద్ధం దొరా. ఆ గదికి వాడ మనిషి చెయ్యి ఏనాడూ తగల్లేదు. తగిలితే సరస్వతి గది విడిచి పోతుంది."

గోడ ఎవరు పెట్టినారో తెలిసినా ఊరివాళ్లు మరిచిపోయినట్టే ఉన్నారు. సున్నం కింద ఉన్నదాన్ని ఎవరు తలుచుకుంటారు?

"సున్నం గీకి చూడండి సామీ" అన్నది సుంకమ్మ.

జడ్జి కోర్టు అమీనాను, అంటే హుకుం అమలుచేసే ఉద్యోగిని, ఊరికి పంపినాడు. టెంకాయ చిప్పతో తూర్పుగోడ గీకితే నాలుగు వేళ్లు. దక్షిణపు గోడ గీకితే నాలుగు వేళ్లు. పడమటి గోడ గీకితే నాలుగు వేళ్లు. కింది నుంచి పైదాకా అవే. సుంకమ్మ చెయ్యి పెట్టి చూపితే అచ్చు సరిపోయింది. ఊరంతా నోరు తెరుచుకొని నిలబడింది. గోడకు ఆనుకొని ఉన్న ఊరిపెద్ద నిప్పు తగిలినట్టు వీపు లాక్కున్నాడు.

"ఇన్నాళ్లూ సరస్వతి యాడికీ పోలేదే" అన్నాడు అమీనా.

జడ్జి తీర్పు చెప్పినాడు. ఒకటే గడప, ఒకటే గది, ఒకటే వరస. పిల్లల్ని విడదీసి కూర్చోబెట్టడం చెల్లదు.

తెల్లారి తిప్పక్క తల దువ్వుకొని, పలక పట్టుకొని, అవ్వ చెయ్యి పట్టుకొని పోయింది. బడి లేదు. గోడలన్నీ పడగొట్టి ఉన్నాయి. ఊరివాళ్లే పడగొట్టినారు. వాళ్ల పిల్లలు కూడా పలకలు పట్టుకొని ఆ మట్టికుప్పల ముందర నిలబడి ఉన్నారు. వాడ బిడ్డతో కలిపి కూర్చోబెట్టడంకన్నా, తమ బిడ్డలకు కూడా చదువు లేకుండా చేసుకోవడమే మేలనుకున్నారు.

సుంకమ్మ ఏడవలేదు. మట్టి చేతిలోకి తీసుకొని నలిపి చూసింది.

"మట్టి మంచిదే. నీళ్లు తేపో, తిప్పీ."

మొదటి రోజు అవ్వా మనవరాలే మట్టి తొక్కినారు, ఊరు చూసింది. రెండోరోజు వాడంతా దిగింది. మూడోరోజు ఊరిపెద్ద కూతురు బుంగతో నీళ్లు తెచ్చి, పావడ ఎగదోపుకొని మట్టిలోకి దిగింది.

"బయటికి రాయే" అని అరిచినాడు పెద్దాయన.

"నాకూ బడి కావాల నాయనా" అన్నది ఆ పిల్ల. మోకాళ్ల దాకా మట్టి. అందరి కాళ్లూ ఒకటే రంగు.

గోడలు లేచినాయి. ఈసారి సున్నం కొట్టలేదు. పైకప్పు వేసిన వారానికే సుంకమ్మ కన్నుమూసింది. తిప్పక్క లోపల కూర్చోవడం మాత్రం చూసిపోయింది.

ఇప్పుడు బడి సిమెంటుది. తూర్పుగోడ ఒక్కటే మట్టిది. ఏటా దానికి కొత్త మట్టి రుద్దుతాం. బడిలో చేరే ప్రతి బిడ్డా, ఎవరి బిడ్డయినా, చిటికెన వేలు మడిచి ఆ తడిమట్టిలో చెయ్యి అద్దాలి. ఎవరినైనా గడపలో ఆపితే మా ఊళ్లో ఇప్పటికీ అంటారు, "నా చెయ్యి లోపల ఉంది" అని.

ఈ ఏడు కూడా చెయ్యి అద్దించినాను, కథ చెప్పినాను, అన్నం వడ్డిస్తున్నాను. కొత్తగా చేరిన పాప కంచం పట్టుకొని అటూ ఇటూ చూసింది.

"అత్తా, సుంకవ్వ ఇప్పుడుంటే ఏ వరసలో కూర్చునేది? ఈ వరసలోనా, ఆ వరసలోనా?"

గరిటె గిన్నెలో పెట్టి తల ఎత్తి చూసినాను. రెండు వరసలు. ఊరి పిల్లలు ఇటు, వాడ పిల్లలు అటు, మధ్యలో నా అన్నం గిన్నె. నాకు ముందున్నామె అట్లే పెట్టేది. పదకొండేళ్లుగా నేనూ అట్లే పెడుతున్నాను. ఎవరూ చెప్పలేదు, నేను చూడనూ లేదు.

నాకు నలుగురిలో మాట్లాడటం రాదు. మరుసటి రోజు పొద్దున ఎవరూ రాకముందే బడికి పోయినాను. వసారా ఊడ్చి, మట్టిగోడ దగ్గరినుంచి గేటు దాకా ముగ్గుపిండితో ఒకటే గీత గీసినాను. కంచాలన్నీ కడిగి దాని మీద వరసగా పెట్టినాను. ఇంటినుంచి తెచ్చుకున్న నా కంచం వాటి మధ్యలో పెట్టి, పొయ్యి ముట్టించినాను.