బోల్తా పడని రథం

నా పాత ఎడ్లబండి కిర్రుమంటే పక్క రాజ్యంలో పసిపిల్లలు లేచి కూర్చునేవారు. అలాంటి బండిని తగలబెట్టాలన్నాడు మంత్రి విరూపాక్షుడు. ఆయన కొత్తరకం రథం చేయించాడు. ప్రమాదం లేనిది అదొక్కటేనని, పాతబండ్లన్నీ కాల్చేయాలని రాజుగారి చెవిలో ఊది ఆజ్ఞ వేయించాడు. బండి పోతే నాకు కూడు లేదు. సభకెళ్ళి మొరపెట్టుకున్నాను.

"నీ బండి ఎన్నిసార్లు బోల్తా పడిందిరా, గురవా?" అన్నాడు మంత్రి.

"లెక్కలేదండి. ఓసారి కొండమీంచి దొర్లి పులిమీద పడింది. పులి పోయింది. నేనూ ఎడ్లూ లేచి దుమ్ము దులుపుకున్నాం."

సభంతా నవ్వింది. "నా రథం ఒక్కసారి కూడా పడలేదు," అన్నాడు మంత్రి మీసం దువ్వుతూ.

"అయితే పడితే ఏమవుతుందో తమకీ తెలియదన్నమాట. నా బండి సంగతి నాకు తెలుసు, పడ్డ ప్రతిసారీ బతికాను. తమరు రథమెక్కి ఆ కొండమీంచి ఒక్కసారి దొర్లండి. లేచి వస్తే నా బండికి నేనే నిప్పు పెడతాను."

"సబబుగానే ఉంది," అన్నారు రాజుగారు. "ఎక్కండి, మంత్రిగారూ."

మంత్రిగారికి అక్కడికక్కడే పాతబండ్లమీద ప్రేమ పుట్టింది. ఆజ్ఞ రద్దయింది. రథమెక్కితే రాజుగారు కొండవైపు తోలమంటారేమోనని, ఇంటికి నా బండిలోనే బయల్దేరాడు.

"గురవయ్యా," అన్నాడు దారిలో, "కాస్త మెల్లగా తోలు నాయనా."