పంచె పట్టి నడిచిన రేవు

పొద్దున. ఎండ. ఉప్పు మడుల మీద గాలి లేదు.

మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల ఎక్కని కాలంలో, అలాంటి ఓ పొద్దున, ఎర్నమ్మ కొడుకు గురువులు కాలువ దాటడానికి రేవుకి బయల్దేరాడు. ఎర్నమ్మ ఉప్పు గోకి బతికే మనిషి. ఒక్కడే కొడుకు.

గురువులుకి ముందరి తోలు బిగుసుకుపోయింది. ఒంటేలుకి వెళ్తే ప్రాణం పోయేది. ఊళ్ళో ఇంకో ఏడుగురికీ అదే బాధ. "ఆ కాస్త తోలూ తీసేస్తే మానిపోతుంది, రమ్మనండి" అన్నాడు కాలువ అవతలి వైద్యుడు.

మొదటిసారి కల్లుపాక దగ్గర ఆపారు. "ఏట్రా, సున్తీకా? రేపట్నించి సాయిబూ అని పిలవాలా?" నవ్వారు. గురువులు వెనక్కి వచ్చాడు.

రెండోసారి కులపెద్ద కూర్మయ్య ఆపాడు. "మన ఇంటా వంటా లేని పని. కోయించుకొస్తే నీతో బంతిలో కూర్చుని తినం." వెనక్కి వచ్చాడు.

మూడోసారి బావమరిది సన్నాసి ఆపాడు. "బావా, తిరిగొచ్చేది మా అప్పకి మొగుడా, ఆడపడుచా?" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వెనక్కి వచ్చాడు.

"కత్తికి భయం లేదే అమ్మా. కోశాక పంచె ముందుకి ఎత్తి పట్టుకుని నడవాలట. ఆ నడకతో ఈ రేవు దిగలేను."

ఆ తర్వాత నాలుగో రోజుకి ఒంటేలు బిగిసి, జ్వరమొచ్చి, పోయాడు.

ఎర్నమ్మ ఏడవలేదు. పెద్దదినం నాడు కర్మ భోజనానికి మగాళ్ళంతా బంతిలో కూర్చున్నారు. ఆమె వడ్డించకుండా అన్నం గంపని నేల మీద పెట్టేసింది.

"కూర్మయ్యా, నా కొడుకుతో బంతి కూర్చోనన్నావు. వాడి కూడు ఎలా తింటావు? లే."

"ఓలప్పా, పోయినోడు పోయాడు..." అన్నాడు కూర్మయ్య.

"పోలేదు. నవ్వి చంపారు. సాయిబుల కొడుకులు బతికున్నారు. నా కొడుకు లేడు. లే!"

పెద్దదినం కూడు ముట్టకుండా వెళ్తే పోయినవాడు ఊరి మీదే తిరుగుతాడని వాళ్ళ భయం. ఎవరూ కదల్లేదు.

"తినాలంటే ఒకటే దారి. వాడు ఏ నడకకి సిగ్గుపడ్డాడో ఆ నడక నడవండి. అందరూ. పంచెలు ఎత్తి పట్టుకుని రేవుదాకా. వాడి బాధే ఉన్న ఆ ఏడుగురూ పడవెక్కాలి. వాళ్ళు తిరిగొచ్చిన రోజూ ఇలాగే నడవాలి. కోసిందెవడికో, కోయనిదెవడికో, నవ్వేవాడికి తెలీకూడదు."

ముందు కూర్మయ్య లేచాడు. పంచె పట్టుకున్నాడు.

ఎర్నమ్మ పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ గుర్తులేదు. ఇప్పటికీ ఆ రేవులో ఎవడైనా కోయించుకుని దిగితే, ఒడ్డునున్న మగాళ్ళంతా పంచెలు ఎత్తి పట్టుకుంటారు. ఎర్నమ్మ నడక అంటారు దాన్ని. నవ్వినవాడికి ఆ ఏడాది ఏ బంతిలోనూ ఆకు వెయ్యరు.

ఆ తొలిసారి పడవ పదోనాడు వచ్చింది. ఎర్నమ్మ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వేళ్ళు ముడిచింది.

పోలయ్య, వచ్చాడు. ఎరకయ్య, వచ్చాడు. చిట్టెయ్య. గవరయ్య. అసిరయ్య. లచ్చన్న.

ఆఖర్న సన్నాసి, తల దించుకుని, పంచె పట్టుకుని.

ఏడుగురు.