కీమాన్ నడిచే దారి

ఓబులేసు కట్టిన నగరానికి పచ్చజెండా దొరకలేదు. అందులో నలభై రెండంతస్తుల మేడ ఉంది. దాన్ని నిలబెట్టడానికి షెడ్డులో వేలాడే ఫ్యాను విప్పించాల్సి వచ్చింది. అంత చేసినా జెండా దొరకలేదు.

ఓబులేసు బిల్డర్లకు అపార్టుమెంట్ల నమూనాలు చేసి పెట్టేవాడు. గుంతకల్లు నుంచి హైదరాబాదు దాకా అతని చేతి పనికి పేరుంది. అతను అట్టతో మేడ నిలబెట్టాడంటే, చూసినవాళ్లు గృహప్రవేశం ఎప్పుడని అడిగేవాళ్లు. కానీ మనసంతా రైళ్ల మీద. అందుకే బొమ్మరైలుకు పట్టాలు పరచడం నేర్చుకోవాలని హుసేనప్ప దగ్గర చేరాడు.

హుసేనప్ప రైల్వేలో ముప్పై నాలుగేళ్లు కీమాన్‌గా చేశాడు. పొద్దున్నే సుత్తె భుజాన వేసుకుని తన బీటు ఆరు కిలోమీటర్లూ పట్టాల వెంట నడవడం, పట్టాలను పట్టి ఉంచే కీలు ఎక్కడైనా వదులైతే కొట్టి బిగించడం, ఇదే ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసి బొమ్మరైలు లైన్లు మొదలుపెట్టాడు. నేర్చుకోవడానికి వచ్చిన నలుగురైదుగురికీ తాతయ్యాడు.

ఆ షెడ్డులో ఒక్కటే కట్టుబాటు. లైను పూర్తయ్యాక తాత తన చూపుడువేలు పట్టా మీద పెట్టి చుట్టూ నడిపిస్తాడు. ఆ నడక పూర్తయితే జేబులోంచి చేతిరుమాలంత పచ్చజెండా తీసి ఊపుతాడు. ఆయన ఊపనిదే బయటివాళ్ల ముందు ఏ రైలూ కదలదు.

వచ్చే ఆదివారం షెడ్డు తలుపులు తెరిచి ఊరందరికీ నగరం చూపించాలి. ఓబులేసు అప్పటికే అందరినీ పిలిచేశాడు. సోమవారం పొద్దున తాతను చేయి పట్టుకుని తీసుకొచ్చి నగరం ముందు నిలబెట్టాడు. బల్ల నిండా ఎనిమిది నెలల కష్టం. బస్టాండు, ఫ్లైఓవరు, పూలబండ్లు, వాటన్నిటి మధ్య మనిషెత్తు మేడ. ప్రతి కిటికీలో దీపం. రైలు ఆ మేడ అడుగున దూరి, దాని కిందే బారెడు దూరం పోయి, అవతల ఫ్లైఓవరు పక్కన తేలుతుంది.

తాత మెడ నొప్పెట్టేదాకా పైకి చూశాడు. ఓబులేసుకు ఛాతీ ఉబ్బిపోయింది. ఆయన నోటి నుంచి ఒక్క మెప్పు మాట వింటే చాలని రెండేళ్లుగా కాచుకుని ఉన్నాడు మరి.

తరవాత తాత వేలు పట్టా మీద పెట్టాడు. వేలు స్టేషను దాటింది, వంతెన దాటింది, మలుపు తిరిగింది. మేడ అడుగున రైలు దూరే కంత దగ్గరికి వచ్చి ఆగింది. లోపలికి చేయి పట్టలేదు. అవతలి కంత దగ్గరా అంతే. తాత వేలు లుంగీకి తుడుచుకుని, స్టూలు మీద కూర్చుని టీ అడిగాడు. జెండా జేబులోనే ఉండిపోయింది.

ఓబులేసు గబగబా స్విచ్చు వేశాడు. ఇప్పటికి రెండొందల చుట్లు తిరిగిందనీ, ఒక్కసారి కూడా పట్టా తప్పలేదనీ చెప్పాడు. తాత టీ తాగుతూ పది చుట్లు చూసి, బాగానే పోతోందని ఒప్పుకున్నాడు. జెండా మాట మాత్రం ఎత్తలేదు.

ఓబులేసు తెలివైనవాడు. మర్నాడు ఒక వ్యాగను మీద బొటనవేలంత కెమెరా కట్టి, లోపలి దారంతా వీడియో తీసి ఫోనులో చూపించాడు. తాత కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా శ్రద్ధగా చూశాడు.

"బాగా తీసినావప్పా," అన్నాడు ఫోను తిరిగిస్తూ. "చేతికి ఏమి తగిలె?"

ఓబులేసుకు ఒళ్లు మండింది. తాతకు మేడలంటే గిట్టదనీ, నేల చూపులు చూస్తూ బతికిన మనిషికి ఎత్తు ఎలా నచ్చుతుందనీ తోటివాళ్ల దగ్గర గొణిగాడు. బుధవారమంతా షెడ్డు వైపే రాలేదు.

గురువారం మధ్యాహ్నం, దుమ్ము పడి ఉంటుందని గుడ్డ తెచ్చి తనే పట్టాలు తుడవడం మొదలుపెట్టాడు. గుడ్డ చుట్టిన వేలు స్టేషను దాటింది, మలుపు తిరిగింది, కంత దగ్గర ఆగిపోయింది. లోపల పరిచిన పట్టాను చివరిసారి ఎప్పుడు ముట్టుకున్నాడా అని ఆలోచించాడు. గుర్తు రాలేదు. మేడ లేచాక ముట్టుకోలేదు. ముట్టుకోని దాన్ని బాగుందని తాత ముందు వాదించాడు, చూడ్డానికి రమ్మని ఊరందరినీ పిలిచాడు. సిగ్గేసింది. కోపం మాత్రం పోలేదు.

శుక్రవారం పొద్దున్నే హెక్సా బ్లేడు తీసుకుని మేడను రెండో అంతస్తు దగ్గర అడ్డంగా కోశాడు. మూడొందల దీపాల వైర్లు. ఒక్కొక్కటీ తెంచుతుంటే ప్రాణం ఉసూరుమంది. ఇద్దరు తోటివాళ్ల సాయంతో మేడను ఎత్తి చాప మీద పడుకోబెట్టాడు. అప్పుడు వంగి, లోపలి పట్టా మీద వేలు పెట్టి నడిపించాడు. ప్రతి అతుకూ తడిమాడు. ప్రతి మేకూ నొక్కి చూశాడు. అవతలి చివరిదాకా వెళ్లాడు.

ఏమీ లేదు. అంతా గట్టిగానే ఉంది.

ఆ బ్లేడు చేతిలో ఉండగానే తాత ఇంటికి పోయాడు. తాత వాకిట్లో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు.

"మేడ కోసేసినా తాతా. ఏమీ లేదు లోపల. అంతా బాగుండాది."

తాత ముఖం విప్పారింది. ఒలిచిన గింజలు గుప్పెడు తీసి అతని చేతిలో పోశాడు.

"నేను ముప్పై నాలుగేండ్లు నడిస్తినప్పా," అన్నాడు. "శానా దినాలు ఏమీ లేకనే ఉండె."

ఓబులేసు గింజలు నములుతూ షెడ్డుకు తిరిగి వచ్చాడు. ఆ రోజూ, శనివారమూ పని చేశాడు. ఊడదీసి తగిలించేలా వైర్లకు ప్లగ్గు పెట్టాడు. క్యారియరులో గిన్నె మీద గిన్నె కూర్చున్నట్టు మేడను కూర్చోబెట్టాడు. రెండో అంతస్తు దగ్గర కోత గీత కనిపిస్తోంది. రంగేసి దాన్ని మాయం చేయడం అతనికి ఐదు నిమిషాల పని. అయినా వేయలేదు.

ఆదివారం షెడ్డు నిండిపోయింది. వచ్చినవాళ్లంతా తలలెత్తి అంతస్తులు లెక్కపెడుతున్నారు. తాత వచ్చి వేలు పట్టా మీద పెట్టాడు. స్టేషను, వంతెన, మలుపు. మేడ దగ్గరికి రాగానే ఇద్దరు కుర్రాళ్లు దాన్ని పైకెత్తి పట్టుకున్నారు. జనం అబ్బో అన్నారు. తాత వేలు లోపలికి నడిచింది. సగం దూరం పోయి ఆగింది.

ఓబులేసు ముందుకు వంగాడు.

"ఏమన్నా తగిలిందా తాతా?"

"ల్యా," అన్నాడు తాత తల అడ్డంగా ఊపి. పట్టా మీది నుంచి వేలు తీసేసి, పచ్చజెండాను తన జేబులోంచి తీసి ఓబులేసు జేబులో పెట్టాడు. "ఈడ్నుంచి బీటు నీది."

ఓబులేసు అక్కడ తన వేలు పెట్టి, వంగి ముందుకు నడిపించాడు. జనమంతా పైకెత్తిన మేడ వైపే చూస్తున్నారు. అతను చూడలేదు. ఆ పూట ఆ ఊళ్లో అంత గర్వంగా తల వంచుకున్నవాడు మరొకడు లేడు.