నవ్వుతున్నది ఒక్కటి

పానకాలయ్య గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు వేసుకునేవారు. పత్రిక పని మానేసి చాలా కాలమైనా, ఆయన దగ్గర రాయడం నేర్చుకున్నవాళ్లు సందేహం వస్తే ఇంకా ఆయన అరుగు మీదికే వచ్చేవారు.

ఆ మధ్యాహ్నం హైమవతి వచ్చింది. పక్క ఊరి కొట్లాటలో చనిపోయిన ఒక కుర్రాడి ఫొటో ఆమె బల్ల మీదికి వచ్చింది. చూడలేని ఫొటో. పేపర్లో వెయ్యాలో వద్దో సాయంత్రంలోగా ఆమే తేల్చాలి.

"దాచిపెడితే అబద్ధమాడినట్టే కదా మాస్టారూ? పోయినేడు బాణసంచా షెడ్డు పేలినప్పుడు అందులో పోయినవాడి ఫొటో నేను వేశాను కాబట్టే షెడ్డు మూయించారు. చూడందే జనం కదలరు."

"కదలరు" అంటూ ఆయన చెప్పులు వెతుక్కున్నారు. "పద, నూకరాజు వాళ్లమ్మని చూసొద్దాం."

షెడ్డు ఫొటోలో ఉన్నది నూకరాజే. హైమవతికి పేరు గుర్తుంది. ఆ ఇల్లు మాత్రం ఎన్నడూ చూడలేదు.

అచ్చియ్యమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "రండి పంతులుగారూ, ఇన్నాళ్లకి దారి కనబడిందా?" అంటూ పీటలు వేసింది.

"ఈ అమ్మాయి పేపర్లో పనిచేస్తుంది" అన్నారాయన. అంతకుమించి ఏమీ చెప్పలేదు. హైమవతి పీట అంచున కూర్చుంది. ఇప్పుడు తిట్లు మొదలవుతాయనుకుంది.

అచ్చియ్యమ్మ తిట్టలేదు. ఆమె మొహంలోకి ఆశగా చూసింది.

"వాణ్ని తెచ్చినప్పుడు మొగమ్మీద గుడ్డ కప్పే తెచ్చారమ్మా. కడసారి చూపుకైనా తియ్యనివ్వలేదు. మా బావగారు అడ్డం నిలబడిపోయారు. 'పొద్దున అన్నం పెట్టి పంపిన మొగమే నీకుండాలి, ఇది నీకొద్దు' అన్నారు. ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. మర్నాడు కొట్లో పేపరు చూశాను. అప్పుడు తెలిసింది, ఆయన ఏం దాచారో."

చేతికంటిన చింతపండు కొంగుకి తుడుచుకుంది.

"కళ్లు మూసుకుంటే అదే వస్తోంది. వాడు నవ్వితే ఎలా ఉండేవాడో ఎంత తలుచుకున్నా రావట్లేదు. సంవత్సరీకానికి పటం కట్టించాలి. ఇంట్లో ఉన్నదల్లా చిన్నప్పటి బడి ఫొటో. మీ ఆఫీసులో వాడివి ఇంకా ఉంటాయేమో చూడు తల్లీ. నవ్వుతున్నది ఒక్కటుంటే చాలు."

"లేవమ్మా, ఆ ఒక్కటే ఉంది" అంది హైమవతి.

"అదొక్కటే తీశారా?" అంది అచ్చియ్యమ్మ. ఆ మాటలో నిష్ఠూరం లేదు. తెలియకే అడిగింది. అడిగి, మళ్లీ చింతపండు ముందుకు లాక్కుంది.

తిరుగుదారిలో హైమవతికి తన బల్ల మీది ఫొటో గుర్తొచ్చింది. ఆ పక్క ఊరి కుర్రాడికీ తల్లి ఉండే ఉంటుంది. ఆ తల్లికి ఎవరు అడ్డం నిలబడ్డారో, ఏమని చెప్పారో. అరుగు దగ్గరికి వచ్చాక అడిగింది.

"వెయ్యొద్దనేగా మాస్టారూ మీరనేది?"

"నేనెక్కడన్నాను? షెడ్డు మూతపడింది. అదీ నిజమే."

పానకాలయ్య గారు చెప్పులు విడిచి గోడవారగా పెట్టారు.

"ఆవిడ నిన్ను అడిగింది మాత్రం, సాయంత్రం పేజీ పెట్టేదాకా మర్చిపోకు."