సన్నాయికి ఊగిన తల

తూముపేటను పల్లె అందామంటే వీధిదీపాలు ఒప్పుకోవు, పట్నం అందామంటే దోమలు ఒప్పుకోవు. ఆ ఊరి నడిబొడ్డున ఒక బండ్ల సావిడి ఉండేది. ఒకప్పుడు సంతకొచ్చే ఎడ్లబండ్లన్నీ అక్కడే ఆగేవి. లారీలొచ్చాక మనుషులు ఆ దారి తొక్కడం మానేశారు. వాళ్ళు వదిలేసిన చోట జంతువులు కాపురాలు పెట్టాయి. చుట్టూ పెంకుల వసారాలు, మధ్యలో మట్టి నేల, ఓ మూల నీళ్ళతొట్టి. వానొస్తే మోకాలి లోతు బురద, ఎండొస్తే కావలసినంత నీడ. జంతువుల వరకు ఆ ఊరు సింహం ఏలుబడిలోదే గానీ, సింహం మాత్రం అడవి దాటి అటు వచ్చిన పాపాన పోలేదు.

ఆ సావిడికి పెద్ద అప్పన్న. గంగిరెద్దు. వయసులో ఉన్నప్పుడు వీపున రంగుల బొంత, కొమ్ములకు ఇత్తడి తొడుగులు, మెడలో మువ్వలు వేసుకుని పోలయ్య వెంట ఊరూరా తిరిగాడు. పోలయ్య సన్నాయి ఊదేవాడు, అప్పన్న తల ఊపేవాడు. "మా పిల్లకి ఈ ఏడు పెళ్ళవుతుందా బసవన్నా?" అని ఏ తల్లో అడిగేది. తల ఊగితే చాలు, చేటనిండా బియ్యం తెచ్చి జోలెలో పోసేది.

పోలయ్య ఆఖరి రోజులు ఆ సావిడిలోనే వెళ్ళాయి. తూర్పు వసారా అరుగు మీద దగ్గుతూ పడుకుని, అక్కడే కన్నుమూశాడు. అరుగు పక్కన గుంజ ఉంది. కట్టేవాడు లేకపోయినా అప్పన్న ఆ గుంజ దగ్గరే పడుకునేవాడు. అరుగురాయికి మోర ఆనిస్తే పోలయ్య తలకు రాసుకునే ఆముదం వాసన వచ్చేది. ఆ వాసన ఎప్పుడో పోయిందని పందికొక్కు అనేది. అప్పన్నకు మాత్రం వచ్చేది. తన ఊపిరి కూడా ఆ అరుగు పక్కనే పోతే బాగుండునని తప్ప అతనికి వేరే ఆశ లేదు.

మనుషుల అలవాటే జంతువులకూ అంటింది. సావిడిలో ఏ తగవొచ్చినా అప్పన్న ముందుకే వచ్చేవి. అతను నెమరు వేస్తూ అంతా వినేవాడు. తల ఊపితే అవునని, ఊపకపోతే కాదని లెక్క. ఆ తీర్పు మీద మారుమాట ఉండేది కాదు.

ఒక వేసవి ఉదయాన సావిడిలోకి నక్క దిగింది. మెడలో జరీ కండువా, భుజం మీద చాటింపుకని తెచ్చుకున్న ఓ గోరువంక. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. వస్తూనే ముందుకాళ్ళు జోడించి, మేకపిల్లలకు కూడా దండం పెట్టింది. నక్క వినయాలంటే ఏమిటో చూడాలనుకున్నవాళ్ళు ఆరోజు అక్కడ ఉండాల్సింది.

"అయ్యల్లారా, అమ్మల్లారా! పట్టణాల బాగు చూడమని సింహంగారు నన్ను పంపారు. ఈ పాత సావిడి తీసేసి మూడంతస్తుల అంగడి కడదామని ఆలోచన. మీకందరికీ ఊరి చివర కొత్త గదులు. అయితే మీరు వద్దంటే ఒక్క పెంకు కదలదు. అందుకే ఎవరి మనసులో మాట వాళ్ళను విడివిడిగా అడిగి తెలుసుకుంటాను. నెల తిరిగాక ఇక్కడే సభ పెట్టి అందరి ముందూ తేల్చుకుందాం."

"విడివిడిగా ఎందుకు? అందరం ఇక్కడే ఉన్నాం గదా!" అంది పందికొక్కు.

"నలుగురిలో మొహమాటపడతారు తల్లీ" అంది నక్క.

ముందు కోడి గంపమ్మను పక్కకు పిలిచింది. గంపమ్మ ఏ మాటా దాచుకునే మనిషి కాదు.

"కట్టండి బావూ, నాకేటి! పోయిన వానల్లో ఆ మురిక్కాలవలో పడి నా పిల్లలు రెండు పోయాయి. పాత సావిడి, పాత సావిడి అని వీళ్ళంతా మురిసిపోతారు. బిడ్డలు పోయింది నాకు గదా!"

"అయ్యో తల్లీ! కొత్తచోట నేల ఎప్పుడూ పొడిగా ఉంటుంది. నాదీ పూచీ."

తర్వాత గేదె. "బురద లేని చోటికి నన్ను తోలుకుపోతావా? సచ్చినా రాను."

"బురద లేకుండా ఎలా ఉంటుందమ్మా? నీకు కావలసినంత బురద."

మేకపోతు గడ్డం ఊపుతూ, "వీధి మొహాన నాకో కొట్టు కావాలి, ఆకులు అమ్ముకుంటాను" అంది. వీధి మొహానే ఇస్తానంది నక్క. "సిమెంటు నేలైతే నేను కన్నం ఎలా తవ్వుకుంటాను?" అని పందికొక్కు నిలదీసింది. సిమెంటు మచ్చుకు కూడా కనపడదని నక్క ఒట్టేసింది.

చివరికి అప్పన్న దగ్గరికొచ్చి కాళ్ళ దగ్గర చతికిలబడింది.

"తాతగారూ, మీకేం కావాలి?"

"నాకేటీ వద్దు బాబూ. ఉన్నచోట ఉండనియ్యి."

"అది సరే. నేను సావిడి సంగతి అడగడం లేదు. మీకేం కావాలని అడుగుతున్నాను."

పోలయ్య పోయాక అప్పన్నను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. అందరూ తమకేం కావాలో చెప్పుకోవడానికే వచ్చేవారు. అతను నెమరు ఆపేశాడు.

"సన్నాయి" అన్నాడు. "ఒక్కసారి వినాలనుంటాది. పొద్దున్నే ఊరి మొదట్లో ఆగి మా పోలయ్య ఒక వరస ఊదేవాడు. అది వింటే నా మువ్వలు వాటంతటవే కదిలేవి."

"ఎలా ఉండేది తాతగారూ ఆ వరస?"

అప్పన్న కళ్ళు మూసుకుని ముక్కుతో ఆ పాటను మెల్లగా తీశాడు. ఎద్దు గొంతుకు సన్నాయి పలుకుతుందా? అయినా వంకర టింకరగా చివరిదాకా పాడాడు. నక్క ఎంతో ఓపికగా వింది. దాని భుజం మీద గోరువంక తల పక్కకు వాల్చి ఇంకా ఓపికగా వింది. వెళ్ళేముందు నక్క అతని కాలి గిట్టలు కళ్ళకద్దుకుంది. ఇంత మర్యాద తెలిసినవాడు చెడ్డవాడెలా అవుతాడని అప్పన్నకు ఆ పూటంతా అనిపించింది.

సాయంత్రం తొట్టి దగ్గర అందరూ చేరారు.

"నాకు పొడినేల ఇస్తానన్నాడు" అంది గంపమ్మ.

"నాకు బురద ఇస్తానన్నాడే!" అంది గేదె.

"ఒక్కచోటే ఇద్దరికీనా?"

గంపమ్మకు ఒళ్ళు మండింది. "ఓలమ్మో! అరచేతిలో వైకుంఠం చూపించి పోయాడు! నా పిల్లల మీద జాలిపడ్డట్టు నటించి మరీ పోయాడు!"

ఆ పూట సావిడిలో ఎన్నడూ లేనన్ని మాటలు నడిచాయి. బురద బాగుందని గేదె అంటే, దాని బాగు దాని తోలుకే తెలుసని గంపమ్మ అంది. తెల్లారేదాకా తగువాడుకుంటారేమో అనిపించింది గానీ, చీకటి పడకముందే ఒక దారికొచ్చారు. మురిక్కాలవ పందికొక్కు తవ్వాలి, దాని మీద బండలు గేదె ఈడ్చుకురావాలి, జారిన పెంకులు పిల్లి సర్దాలి. సావిడి మాత్రం కూలకూడదు.

"సభలో వాడు మన ఆనవాయితీయే పట్టుకుంటాడు తాతా. నువ్వు తల ఊపకు, అంతే" అంది మేకపోతు.

"ఊపను" అన్నాడు అప్పన్న. తను నక్కకేం చెప్పాడో వాళ్ళతో చెప్పబోయి, ఈ వయసులో పాట కోసం బెంగపెట్టుకున్నాడంటే నవ్వుతారని ఊరుకున్నాడు.

సభ రోజున సావిడి కిటకిటలాడింది. వాకిట్లో రెండు ఏనుగులు తొండాలు ఊపుతూ నిలబడ్డాయి. రాజుగారి తరఫు సాక్షిగా కొంగ వచ్చి, ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకుంది. అది జపమో కునుకో ఎవరికీ తెలియలేదు.

నక్క గొంతు సవరించుకుంది. "ఈ సావిడి ఆనవాయితీ మనకు శిరోధార్యం. అప్పన్న తాతగారు తల ఊపితే అవును, ఊపకపోతే కాదు. అంతేనా?"

"అంతే!" అని జంతువులన్నీ ఒక్క గొంతుతో అరిచాయి. తమ ఆనవాయితీని కొలువువాళ్ళు కూడా గౌరవించారని వాటికి లోపల గర్వంగా కూడా ఉంది.

"అప్పన్న తాతగారూ! ఈ సావిడి తీసి అంగడి కట్టడం మీకు సమ్మతమేనా?"

అప్పన్న కదల్లేదు. ఈగ వచ్చి చెవి మీద వాలినా విదిలించలేదు.

"ఊరు బాగుపడడం మీకు ఇష్టమేనా?"

కదల్లేదు. గంపమ్మ రెక్కలు టపటపలాడించింది. "చూశావా మా తాత! కొండ!"

నక్క ఏమీ బాధపడలేదు. వసారా దూలం వైపు ఒకసారి తలెత్తి చూసింది, అంతే.

దూలం మీద నక్క ముందే ఎక్కించి ఉంచిన వడ్రంగిపిట్ట మెల్లగా తాళం వేయడం మొదలుపెట్టింది. డోలు మోగినట్టే ఉంది. దాని పక్కన గోరువంక గొంతు విప్పింది. గోరువంకకు ఏ గొంతైనా ఒకటే కదా, విన్నది విన్నట్టు పలుకుతుంది. నక్క దాన్ని ఏ గంగిరెద్దులవాళ్ళ ఊరో తీసుకెళ్ళి సన్నాయి వినిపించి తెచ్చింది. సన్నాయి గొంతు అక్కడిది, వరస అప్పన్నది. రెండూ కలిసి తూర్పు వసారాలోంచి, పోలయ్య పడుకున్న అరుగు మీదుగా వచ్చాయి.

అప్పన్నకు సావిడి కనపడలేదు. పొద్దున్నే మంచులో తడిసిన ఊరి మొదలు కనపడింది. కల్లాపి చల్లిన వాకిళ్ళు, పరుగెత్తుకొచ్చే పిల్లలు, చేటలు పట్టుకుని గుమ్మాల్లోకొచ్చిన అమ్మలు. పక్కన పోలయ్య. బుగ్గలు పూరించి ఊదుతూ, ఒక చెయ్యి తీసి అతని మూపురం నిమిరాడు. "దండం పెట్టు అప్పన్నా" అన్నాడు. ఎన్నాళ్ళకు వినపడింది ఆ మాట! మెడలో లేని మువ్వలు ఘల్లుమన్నాయి.

"తాతా! ఊపకు తాతా!" అని ఎక్కడో గంపమ్మ అరుస్తోంది.

ఆ పాటలోనే నక్క గొంతు తేనెలా కలిసింది. "సమ్మతమేనా బసవన్నా?"

అప్పన్న తల ఊపాడు. నిండుగా, కొమ్ములు నేలకు తాకేదాకా వంచి లేపుతూ, పాట అయ్యేదాకా ఊపుతూనే ఉన్నాడు.

కొంగ ఒక కన్ను తెరిచింది. "తల ఊగింది" అంది. మళ్ళీ మూసుకుంది.

పాట ఆగాక అప్పన్న చుట్టూ చూశాడు. అందరూ తనవైపే చూస్తున్నారు. గంపమ్మ ఏడుస్తోంది. దూలం మీద గోరువంక ఈకలు సర్దుకుంటోంది. దాన్ని చూశాక అతనికి సంగతి అర్థమైంది. "అది నా మాట కాదు బాబూ, పాటకి..." అనబోయాడు. ఆనవాయితీలో మారుమాట లేదు కదా అని నక్క ఎంతో వినయంగా గుర్తుచేసింది.

ఏనుగులకు ఎంతో సేపు పట్టలేదు. అన్నిటికన్నా చివర్న అరుగు పోయింది. ఒక ఏనుగు దాన్ని తొండంతో ఎత్తి, రాయి మంచిదేనని చెప్పి, కొత్త అంగడి మెట్లకు పనికొస్తుందని పక్కన పెట్టించింది.

నక్క మాట తప్పిందని ఎవరూ అనలేరు. ఊరి చివర గదుల్లో గంపమ్మకు పొడినేల దొరికింది, తాగడానికి కూడా చుక్క నీళ్ళుండవు. గేదె గది వెనక ఊరి మురుగంతా వచ్చి చేరుతుంది, కావలసినంత బురద. మేకపోతు కొట్టు వీధి మొహానే ఉంది. ఆ వీధిలోకి ఎవరూ రారు. సిమెంటు మచ్చుకు కూడా లేదు, ఆఖరికి గోడల్లో కూడా. పందికొక్కు ఒక గోడకు ఆనుకుని ఒళ్ళు గోక్కుంటే ఆ గోడ దాని మీదే కూర్చుంది.

కొన్నాళ్ళు అప్పన్నతో ఎవరూ మాట్లాడలేదు. అతనూ ఎవరి మొహమూ చూడలేకపోయాడు. పొద్దున్నే రోడ్డు దాకా నడిచి, ఊరివైపు మొహం పెట్టి నిలబడేవాడు. దూరంగా మూడంతస్తుల అంగడి అద్దాలు ఎండకు మెరిసేవి. వాటి మధ్య తూర్పు వసారా ఏ పక్కన ఉండేదో పోల్చుకోవాలని చూసేవాడు. ఒకరోజు ఈ మూల అనిపించేది, మర్నాడు ఆ మూల అనిపించేది.

ఒకనాడు గంపమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"తాతా, మేత తిన్నావా?"

అప్పన్న తోకతో ఈగను తోలుకున్నాడు.

"నీ మీద కోపం పోయింది తాతా. నా పిల్లల బెంగలో నేనూ ముందు 'కట్టండి' అనేశాను గదా. వాడు మన కడుపులో ఏముందో మన చేతే చెప్పించుకుని, దాంతోనే మనల్ని కొట్టాడు. పోనీలే. సావిడి పోతే పోయింది. నీ పాట నీకుంది గదా. అది ఎవడు తీసుకుపోతాడు?"

అప్పన్న ముసలి కళ్ళ కింద తడి చారలు కట్టింది.

"అదే పోయింది తల్లీ" అన్నాడు. "రోజూ ఇక్కడ నిలబడి ఆ వరస తలుచుకుంటాను. పాట వస్తాది. మా పోలయ్యే రావట్లేదు. కళ్ళు మూసుకుంటే సన్నాయి పట్టుకుని నక్క నిలబడుంటాది."

గంపమ్మ అతని కాలికి ఆనుకుని అక్కడే కూర్చుండిపోయింది.

నీతి: ఎంత ప్రాణమైన పాత పాటైనా సరే, తల ఊపేముందు ఊదుతున్నది ఎవరో చూసుకోవాలి.