నగల మూట అనుకున్న ఉప్పు

చిదంబరయ్యగారిని ఏ సందేహం అడిగినా జవాబు చెప్పరు, పని చెబుతారు. అందుకే ఆయన శిష్యులు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుని గాని నోరు తెరవరు. ఆ రోజు భీమలింగానికి మాత్రం ఆగే ఓపిక లేకపోయింది.

ఉత్తరాన రాజులిద్దరు కొట్టుకుంటున్నారు. ఊళ్ళు తగలబడి రెండువందల మంది పిల్లాజెల్లాతో నది దాటి వచ్చి ఆశ్రమంలో పడ్డారు. వాళ్ళు తిండి తిని రెండు రోజులైంది. కబురు తెలిసి చుట్టుపక్కల రాజ్యాలు మూడూ సాయం పంపాయి, పాపం, కాదనకూడదు. తూర్పువాళ్ళు బియ్యం, పడమటివాళ్ళు కందిపప్పు, దక్షిణంవాళ్ళు కట్టెలు. బండ్లు తెల్లారేసరికే వచ్చాయి. మిట్టమధ్యాహ్నమైనా ఒక్క బస్తా దిగలేదు. ముందు మా రాజుగారికి జేజేలు కొట్టాలంటే మా రాజుగారికని బండ్ల వెంట వచ్చిన ముగ్గురు అధికారులూ మగపెళ్ళివారిలా అలిగి కూర్చున్నారు. బతిమాలి బతిమాలి భీమలింగం గొంతు పోయింది.

"స్వామీ, ముగ్గురు కలిసి ఆదుకుంటే ఆ పుణ్యం ఎవరి పేరున చెప్పాలి?" అని పరుగెత్తుకెళ్ళి గురువుగారిని అడిగాడు.

"తినేవాళ్ళనే అడుగు, పో" అన్నారాయన కళ్ళు తెరవకుండానే.

వచ్చినవాళ్ళకి పెద్దదిక్కు గురవమ్మ అనే అవ్వ. ఆవిడ ఒళ్ళో మనవరాలు ఏడ్చి ఏడ్చి సోలిపోయి ఉంది. భీమలింగం అధికారుల్ని వెంటబెట్టుకెళ్ళి అదే ప్రశ్న అడిగాడు.

"ఎవరి తిండి ముందు నా మనవరాలి నోట్లో పడితే వాళ్ళ రాజుకే జేజేలు!" అంది అవ్వ.

తూర్పాయన ఒక్క గెంతున వెళ్ళి దోసెడు బియ్యం తెచ్చాడు. "పచ్చి బియ్యం నములుతుందా నాయనా?" అంది అవ్వ. పడమటాయన తన పప్పు గుప్పిట్లోనే దాచేసుకున్నాడు. దక్షిణాయన కట్టెల మోపు తెచ్చి దర్జాగా పడేశాడు. అవ్వ మోపునీ అతన్నీ మార్చి మార్చి చూసింది. "పొయ్యి వెలిగిస్తాలెండి" అని అతనే నసిగాడు.

అలా పొయ్యి వెలిగింది, ఎసరు మరిగింది, పప్పు ఉడికింది. తీరా రుచి చూస్తే ఉప్పు లేదు! ఆశ్రమంలో అందరిదీ చప్పిడి తిండి, వెతికినా చిటికెడు దొరకదు.

"అయ్యో, మీరెవరూ తేలేదా?" అన్నాడు భీమలింగం.

"ఉప్పు చేతికిస్తే తగువులొస్తాయంటారు కదండీ!" అన్నాడు తూర్పాయన. తక్కిన ఇద్దరూ అవునవునన్నారు. పొద్దుటినుంచీ ముగ్గురికీ కుదిరిన మాట అదొక్కటే. అయినా తెచ్చి ఉండాల్సింది నువ్వంటే నువ్వని మరుక్షణంలో మళ్ళీ మొదలెట్టారు. గుండిగలో గరిటె అక్కడే ఆగిపోయింది.

గురవమ్మ పకపకా నవ్వింది. "తగువెలాగూ పడ్డారుగా బాబూ, ఇంక భయం దేనికీ?" అంటూ చంకలో మూట విప్పింది. ఇల్లు అంటుకున్న గాభరాలో నగల మూట అనుకుని ఉప్పు మూట పట్టుకొచ్చిందట మహాతల్లి! దారిపొడుగునా తనని తాను తిట్టుకుంటూనే మోసిందట.

దోసిళ్ళతో తీసి గుండిగల్లో వేసింది. మనవరాలికి తొలిముద్ద పెట్టింది. తనవాళ్ళందర్నీ కూర్చోబెట్టింది. "మీరూ పొద్దుటినుంచీ ఏం తినలేదు, రండి" అని అధికారుల్ని కేకేసింది. ముగ్గురూ ఒకే వరసలో కూర్చుని మారు వడ్డించుకుని మరీ తిన్నారు. చివర్న గురువుగారు కూడా వచ్చి విస్తరి ముందు కూర్చున్నారు.

ఆయన చెయ్యి కడుక్కుంటుంటే భీమలింగం మెల్లగా దగ్గరికి చేరాడు. "ఇంతకీ స్వామీ, అన్నదాత ఎవరని చెప్పమంటారు?"

"ఏమో నాయనా," అన్నారు గురువుగారు. "నేనైతే గురవమ్మగారింట్లో భోంచేశాను."